ఉద్వాసన లేని ఆవాహన: సత్యజిత్ రాయ్ ‘దేవి’ ముగింపు గురించి

సత్యజిత్ రాయ్ 1960లో తీసిన ‘దేవి’ చిత్రం చివరి నిమిషంలో జరిగేది చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. కాటుక చెదిరి, జుట్టు విరబోసుకుని, ఒంటినిండా నగలతో దయామయి ఇంట్లోంచి బయటకు పరుగెత్తి, పూలు నిండిన పొలంలోకి వెళ్ళి, వెలుగూ పొగమంచూ కలిసిపోయిన చోట కనిపించకుండా పోతుంది. ఆ తరువాత ఆమె ఏమైందో సినిమా చెప్పదు. నదిలో పడిందో, మతి చెడి ఊళ్ళు పట్టిందో, ఎక్కడో బతికే ఉందో తేల్చుకోవడం ప్రేక్షకుడి వంతు.

రాయ్ ఈ సందిగ్ధతను కావాలని తెచ్చుకున్నాడు. ప్రభాత్‌కుమార్ ముఖోపాధ్యాయ్ రాసిన మూలకథలో (ఆ కథకు ఇతివృత్తం ఇచ్చినవాడు రవీంద్రనాథ ఠాగూర్) దయ ప్రాణం తీసుకుంటుంది. కథ అక్కడితో మూసుకుపోతుంది. మూసి ఉన్న తలుపును దర్శకుడు తెరిచి వదిలేశాడు. ఎందుకు తెరిచాడు, ఆ తలుపు ఎటు తెరుచుకుంటుంది అన్న రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి విషయం.

‘దేవి’ని సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య ఘర్షణగా చదవడం వాడుక. తండ్రి కాళీకింకర్ సంప్రదాయం, కొడుకు ఉమాప్రసాద్ ఆధునికత, ఇద్దరి నడుమ నలిగిపోయిన అమ్మాయి దయ. ఈ చదువులో తప్పేమీ లేదు. కానీ ముగింపు దగ్గరకు వచ్చేసరికి ఇది చాలదు. గెలిచింది తండ్రి అంటే మనుమడు ఎందుకు చనిపోయాడు? గెలిచింది కొడుకు అంటే భార్య ఎందుకు దక్కలేదు? ఇద్దరూ ఓడారనడం తేలికైన సమాధానం, అంతకుమించి ఏమీ చెప్పని సమాధానం. సినిమా సంధిస్తున్న ప్రశ్న వేరే ఉందనీ, దానికి ఆధారాలు చిత్రం మొదటి నిమిషాల్లోనే దొరుకుతాయనీ నా అభిప్రాయం.

కథ

కాలం 1860ల ప్రాంతం. బెంగాలు పల్లెలో జమీందారు కాళీకింకర్ చౌధురి (ఛబీ బిశ్వాస్) కాళీభక్తుడు. భార్య గతించింది. పెద్దకొడుకు తారాప్రసాద్, అతని భార్య హరసుందరి (కరుణా బెనర్జీ), వాళ్ళ చిన్నపిల్లవాడు ఖోకా ఆ ఇంట్లోనే ఉంటారు. చిన్నకొడుకు ఉమాప్రసాద్ (సౌమిత్ర చటర్జీ) కలకత్తాలో ఇంగ్లీషు చదువు చదువుకుంటున్నాడు. అతని భార్య దయామయి (షర్మిలా ఠాగూర్) ఇంకా ఇరవై నిండని పిల్ల. మామగారి కాళ్ళు పడుతుంది, పూజకు అన్నీ అమరుస్తుంది, ఖోకాకు కథలు చెబుతుంది. ఆ ఇంటి వెలుగంతా ఆమె.

ఒక రాత్రి మామగారికి కల వస్తుంది. దేవి మూడు కళ్ళు చీకట్లో తేలి, హారతి వెలుగులతో కలగలిసి, చివరకు కోడలి ముఖంగా మారుతాయి. తెల్లవారి ఆయన వెళ్ళి ఆమె పాదాల మీద పడతాడు. పెద్దకొడుకూ తండ్రి వెనకే సాష్టాంగపడతాడు. దయ గోడవైపు తిరిగిపోతుంది, కాలివేళ్ళు ముడుచుకుంటాయి. అప్పటినుంచి ఆమె పీఠం మీద విగ్రహం. చావుబతుకుల్లో ఉన్న ఒక పేద ఇంటి బిడ్డను తెచ్చి ఆమె ముందు పడుకోబెడతారు, చరణామృతం పోస్తారు, బిడ్డ కళ్ళు తెరుస్తాడు. జనం వరుసలు కడతారు. హరసుందరి రాసిన ఉత్తరం అందుకుని వచ్చిన ఉమాప్రసాద్ తండ్రితో వాదిస్తాడు, భార్యను తీసుకుని రాత్రివేళ పారిపోబోతాడు. నది ఒడ్డున దయ ఆగిపోతుంది. తాను నిజంగా దేవినేమో అన్న భయం ఆమెను వెనక్కి తిప్పుతుంది. కొన్నాళ్ళకు ఖోకాకు జబ్బు చేస్తుంది. వైద్యం చేయించాలన్న తల్లి తపన ఫలించదు. బిడ్డను దయ ఒడిలో ఉంచుతారు. బిడ్డ చనిపోతాడు. ఉమాప్రసాద్ తిరిగి వచ్చేసరికి దయ మనం మొదట చెప్పుకున్న స్థితిలో ఉంటుంది.

ఉపమానం నిజమైన రోజు

కాళీకింకర్ మోసగాడు కాడు. ఈ మాట ముందు ఒప్పుకోకపోతే సినిమా మనకు అందదు. దొంగస్వాముల కథలు మన సాహిత్యంలోనూ సినిమాల్లోనూ కొల్లలు. ముసుగు తొలగించడంతో అవి ముగుస్తాయి. ఇక్కడ తొలగించడానికి ముసుగే లేదు. ఆ ముసలాయన భక్తి నిజం, కన్నీళ్ళు నిజం, మనుమడు పోయినప్పుడు అమ్మవారి ముందు కూలబడి తాను చేసిన అపరాధమేమిటని అడిగిన ప్రశ్న నిజం.

మరి తప్పు ఎక్కడ జరిగింది? నా దృష్టిలో అది ఒక మాటలో మొదలవుతుంది. బెంగాలీ ఇళ్ళలో మామగారు కోడలిని ‘మా’ అని పిలుస్తారు. మన ఇళ్ళలో ‘అమ్మా’, ‘తల్లీ’ అన్నట్టే. కూతుర్ని, కోడలిని, ముక్కూముఖం తెలియని చిన్నపిల్లను కూడా ‘అమ్మా’ అనడం మనకు ఎంత సహజమంటే ఆ మాటలో ఒక ఉపమానం దాగుందని గుర్తుకే రాదు. కాళీభక్తుడు అమ్మవారిని పిలిచేదీ అదే మాటతో. పద్దెనిమిదో శతాబ్దపు రామప్రసాద్ సేన్ పాటల నుంచి బెంగాలు శాక్తభక్తి అంతా ఆ ఒక్క పిలుపు చుట్టూ అల్లుకున్నది. ఇంటి కోడలికీ గుడిలోని కాళికీ ఒకే సంబోధన. రెండిటి మధ్యా సన్నని పొర ఉంది. కలలో ఆ పొర చిరిగింది.

మన అలంకారికుల భాషలో చెప్పాలంటే లక్ష్యార్థంగా ఉండవలసినది వాచ్యార్థమైపోయింది. ‘ముఖం చంద్రుడు’ అన్నవాడు ఆ ముఖం కోసం ఆకాశంలోకి చూడడు. కాళీకింకర్ చూశాడు. స్త్రీని దేవతతో పోల్చడం సంప్రదాయం. పోలికను మరచి ఆమె తిండీ నిద్రా కాపురమూ తీసేసి పీఠమెక్కించడం మరొకటి. ఆమె కాళ్ళు పట్టిన మామగారే ఇప్పుడు ఆమె కాళ్ళ మీద ఉన్నాడు. తలకిందులైన ఈ దృశ్యంలో పైకి గౌరవం ఎవరికి పెరిగినా, ఆమె చేతుల్లోంచి ప్రతి పనీ జారిపోయింది. కాళ్ళు పట్టేటప్పుడు ఆమెకు నోరుంది, నవ్వుంది. కాళ్ళు పట్టించుకున్న నాటినుంచి రెండూ లేవు.

సంప్రదాయానికి తెలిసిన రెండో సగం

ఇప్పుడు చిత్రం ఆరంభానికి వెళదాం. తెర మీద మొదట కనిపించేది రంగు వేయని దేవీముఖం. పేర్లు పడుతుండగా దానికి కళ్ళూ రంగులూ అలంకారాలూ వచ్చి చేరతాయి. తరువాత పూజ, బలి, బాణసంచా. ఆ తరువాత నిమజ్జనం: అంత శ్రద్ధగా అలంకరించిన ప్రతిమను అందరూ కలిసి మోసుకెళ్ళి నదిలో కలిపేస్తారు.

దీన్ని చాలామంది కాలాన్నీ ప్రాంతాన్నీ పరిచయం చేసే దృశ్యంగా చూసి ముందుకు వెళతారు. నాకు ఇదే చిత్రానికి తాళంచెవిగా తోస్తుంది. ఎందుకంటే సంప్రదాయం తానే పెట్టుకున్న నియమం ఏమిటో రాయ్ ఇక్కడ చూపించాడు. పూజకు ఆవాహన ఉంటుంది. ఉద్వాసన కూడా ఉంటుంది. వినాయకచవితి చేసుకునే ప్రతి తెలుగు ఇంటికీ ఇది తెలుసు. మట్టిలోకి దేవుణ్ణి పిలుస్తాం, నియమిత కాలం కొలుస్తాం, వెళ్ళిరమ్మని సాగనంపుతాం, మట్టిని నీళ్ళకు ఇచ్చేస్తాం. పిలవడం ఎంత శాస్త్రమో పంపడం అంత శాస్త్రం.

మట్టిబొమ్మ మాటేమో గాని బతికున్న మనిషిని పూజించడం సంగతి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. అక్కడా ఇదే నియమం. నవరాత్రుల్లో కుమారీపూజ ఉంది. 1901లో బేలూరు మఠంలో దుర్గాపూజ జరిగినప్పుడు వివేకానందుడు కుమారీపూజ చేశాడు. మన ఇళ్ళలోనూ బాలపూజ, సువాసినీపూజ ఉన్నాయి. పూజ అయ్యాక ఆ పాప కొత్త గౌను వేసుకుని, పసుపు కాళ్ళతో ఆడుకోవడానికి పోతుంది. ఖాట్మండులో కుమారిని ఏళ్ళ తరబడి దేవిగా కొలుస్తారు. ఆమె ఈడేరగానే ఆ పదవి ముగిసి ఇంటికి వెళుతుంది. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాలలో రంగం నాడు పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీ అమ్మవారై మాట్లాడుతుంది. ఆ ఘడియ దాటాక మళ్ళీ మామూలు మనిషి. పూనకానికి రాక ఎలా ఉందో పోక అలాగే ఉంది. పూనినవారిని శాంతింపజేసి మనలోకి తెచ్చుకునే పద్ధతి ఊళ్ళో ముసలమ్మలకు తెలుసు.

కాళీకింకర్ చేసినది ఉద్వాసన లేని ఆవాహన. పైగా ఆ ఆవాహన దయ మీద పూనకంగా రాలేదు. దేవి ఆమెలోకి రాలేదు, ఆమె నోట మాట్లాడలేదు. మరొకరి కలలోకి వచ్చింది. తన ఒంట్లో ఏ మార్పూ తెలియని పిల్లకు ‘నీలో దేవి ఉంది’ అని ఇతరులు చెప్పారు. రాని దేవత పోయేదెలా? అందుకే ఆమెకు విడుదల లేదు.

ఇలా చూస్తే కాళీకింకర్‌ను సంప్రదాయానికి ప్రతినిధి అనడం సగం నిజమే. అతను సంప్రదాయంలో తనకు కావలసిన సగాన్ని పట్టుకుని, అవసరమైన రెండో సగాన్ని మరచినవాడు.

కలకత్తా ఇచ్చినదీ ఇవ్వనిదీ

ఉమాప్రసాద్ వైపు కూడా ఇంతే నిజాయితీగా చూడాలి. అతనిది రామమోహన రాయ్ తరువాతి తరం. విద్యాసాగరుడి కృషితో వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. కలకత్తాలో ఉమాప్రసాద్ స్నేహితుడొకడు వితంతువును పెళ్ళాడాలనుకుంటే అతను ధైర్యం చెబుతాడు. మనకు ఆ తరం తెలుసు. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరు 11న. కొత్త చదువుకు గిరీశం అన్న ముఖం కూడా ఉందని గురజాడ చూపించాడు. ఉమాప్రసాద్ గిరీశం కాడు. అతని నమ్మకాలు అద్దెకు తెచ్చుకున్నవి కావు. కానీ అతని చదువు స్నేహితుడి విషయంలో పనిచేసినంత బాగా సొంత ఇంట్లో పనిచేయదు.

తండ్రితో వాదించేటప్పుడు అతను తర్కం మాట్లాడతాడు. తండ్రి శ్లోకం చదువుతాడు, కోలుకున్న బిడ్డను రుజువుగా చూపుతాడు. ఇద్దరు మగవాళ్ళు ఒక స్త్రీ ఏమిటో తేల్చుకుంటున్నారు. ఆమె ఆ గదిలో లేదు. ‘ఆమె దేవి’ అని ఒకరు, ‘ఆమె నా భార్య’ అని ఒకరు. రెండో వాక్యం మొదటిదానికన్నా వెయ్యిరెట్లు మేలు. అయినా వాక్యనిర్మాణం ఒక్కటే.

అసలు పరీక్ష నది ఒడ్డున వస్తుంది. వెళ్ళిపోదామని ఉమాప్రసాద్ అంటాడు, ఆమె వస్తుంది. ఒడ్డున, నిమజ్జనమైన పాత ప్రతిమ తాలూకు అస్థిపంజరం కనిపిస్తుంది. దాన్ని చూసి ఆమె ఆగుతుంది. తాను దేవినే అయితే, వెళ్ళిపోతే భర్తకు కీడు జరుగుతుందేమో అని ఆమె భయం. ఆమె విశ్వాసిగా మారిపోయిందని కొందరు, భయంతో కుంగిపోయిందని కొందరు ఈ సన్నివేశాన్ని వివరిస్తారు. నాకు ఆ ప్రశ్న ఎంతో హేతుబద్ధంగా కనిపిస్తుంది. తన కళ్ళముందు ఒక బిడ్డ బతికాడు. ఇంట్లో పెద్దలంతా ఒక మాట అన్నారు. తన లోపల ఏమీ అనిపించకపోవడం ఒక్కటే వ్యతిరేక సాక్ష్యం. అందరి సాక్ష్యానికి తన ఒక్కదాని అనుభవం ఎదురు నిలిచినప్పుడు తన అనుభవాన్నే అనుమానించడం వెర్రి కాదు. చిన్నప్పటినుంచి ఆడపిల్లకు మనం నేర్పినది అదే.

ఆ క్షణంలో ఆమెకు కావలసినది ఎవరైనా ఆ భయాన్ని పూర్తిగా వినడం. బిడ్డ ఎలా బతికి ఉంటాడో, బతకడం వేరు తాను బతికించడం వేరు ఎలా అవుతుందో నెమ్మదిగా చెప్పడం. అంత చదువు చదివిన ఉమాప్రసాద్ ఆ పని చేయలేక ఆమెను వెనక్కి తీసుకువస్తాడు. సినిమా ముగింపు నిజానికి ఈ రాత్రే నిర్ణయమైపోయింది. చివరి పరుగు ఈ ఒడ్డున ఆగిపోయిన నడకకు కొనసాగింపు.

ఇద్దరు బిడ్డలు

వైద్యుడిగా నన్ను ఎక్కువగా పట్టి నిలిపేది ఇద్దరు బిడ్డల కథ. ఒకడు బతికాడు, ఒకడు పోయాడు. ఇద్దరికీ చేసిన చికిత్స ఒక్కటే.

పిల్లల జ్వరాల్లో అధికభాగం వాటంతట అవే తగ్గుతాయి. రోగం ముదిరి ఇక ఆశ లేదనుకున్న ఘడియలోనే మనుషులు గుడికి పరుగెత్తుతారు. చాలా రోగాలు శిఖరం చేరి దిగడం మొదలుపెట్టేదీ ఆ ఘడియలోనే. అప్పుడు ఎవరు ఏమి ఇస్తే దానికే కీర్తి దక్కుతుంది. ఇది గుడికే కాదు, ఆసుపత్రికీ వర్తిస్తుంది. వైరస్ జలుబుకు యాంటీబయాటిక్ రాసి, వారంలో తగ్గితే మందు పనిచేసిందనుకునే వైద్యులూ రోగులూ ఈనాటికీ ఉన్నారు. ఒక్క బిడ్డ కోలుకోవడం దేన్నీ రుజువు చేయదు. బతికినవాళ్ళు తిరిగివచ్చి చెబుతారు, పోయినవాళ్ళు చెప్పలేరు కాబట్టి మహిమల లెక్కలో ఒక పక్క పేజీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ఖోకా మరణం ఆ ఖాళీ పేజీని జమీందారు ఇంట్లోనే తెరిచి పెట్టింది.

అయితే రాయ్ ఇక్కడ చూపిన సంయమనం గమనించాలి. వైద్యుడు వచ్చి ఉంటే ఖోకా తప్పక బతికేవాడని సినిమా ఎక్కడా అనదు. అనలేదు కూడా. కలకత్తా మెడికల్ కాలేజీ 1835లోనే ఏర్పడినా, 1860లలో అంటురోగాలకు సూక్ష్మజీవులు కారణమని వైద్యలోకానికి ఇంకా తెలియదు. కలరా క్రిమిని రాబర్ట్ కాఖ్ కలకత్తాలో గుర్తించినది 1884లో. ఆనాటి కవిరాజుకైనా ఇంగ్లీషు డాక్టరుకైనా చేతిలో ఉన్న మందులు కొద్ది. కాబట్టి ఇక్కడ నేరం మందు లేకపోవడం కాదు. బిడ్డకు ఉన్న కాస్త అవకాశాన్నీ ఒక నమ్మకం కోసం తీసేయడం.

మన పల్లెల్లో మశూచిని ‘అమ్మవారు పోసింది’ అనేవారు. రోగానికీ దేవతకూ ఒకే పేరు. ఆ మాటలో భయమూ ఉంది, రోగిని శుభ్రంగా, చల్లగా, వేపాకుల మధ్య విడిగా ఉంచే ఒక జాగ్రత్తా ఉంది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి నిర్మూలన ప్రకటించేదాకా టీకాలు వేసినవాళ్ళు ఆ నమ్మకంతో పోరాడారు, చాలాచోట్ల దానితో రాజీపడి కూడా పని సాధించారు. అమ్మవారికి మొక్కు చెల్లించి టీకా వేయించుకున్న తల్లులు ఎందరో. వాళ్ళకు ఈ రెండిటి మధ్య యుద్ధం కనిపించలేదు.

‘దేవి’లో ఆ తల్లుల తరఫు మనిషి హరసుందరి. ఆమెకు ఇంగ్లీషు రాదు, శాస్త్రాలు రావు. కానీ ఇంట్లో ఏదో పెద్ద తప్పు జరుగుతున్నదని మొదట గుర్తించి మరిదికి ఉత్తరం రాసినది ఆమె. తన బిడ్డకు వైద్యుడు కావాలని గుర్తించినది ఆమె. చిత్రం మొత్తంలో సరైన రోగనిర్ణయం చేసిన ఏకైక వ్యక్తి ఆమెనే అనాలి. ఆమె జ్ఞానం సంప్రదాయమా, ఆధునికమా? ఆ రెండు పెట్టెల్లో ఏ ఒక్కదానిలోనూ అది ఇమడదు. ముగింపును ఆ రెండు పెట్టెలతోనే కొలవరాదనడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనబడదు.

పొగమంచులోకి

ఇక చివరి దృశ్యం. దీన్ని నాలుగు విధాలుగా చదవవచ్చు.

మొదటిది, దయకు మతి చెడింది. మూఢనమ్మకం ఒక మనసును ధ్వంసం చేసింది. కాటుక చెదిరిన ముఖం దీనికి బలమైన ఆధారం. కానీ ఆమె చివరి మాటలు వినండి. ఇక్కడినుంచి వెళ్ళిపోవాలి, ఉంటే వీళ్ళు నన్ను చంపుతారు అన్నది వాటి సారాంశం. ఆ ఇంట్లో, ఆ పొద్దున, అది భ్రమ అనడానికి నేను సాహసించను. బిడ్డను బతికించని దేవత గతి ఏమవుతుందో ఆమె సరిగానే ఊహించింది. ఉన్మాదం అని పేరు పెట్టగానే మనం వినడం ఆపేస్తాం. మామగారు ‘దేవి’ అని పేరుపెట్టి చేసినదీ అదే.

రెండవది, ఆమె చనిపోయింది. మూలకథ తెలిసినవారు ఇటు మొగ్గుతారు. కానీ శవాన్ని చూపే వీలున్న దర్శకుడు చూపకుండా పొగమంచును చూపాడంటే, మరణాన్ని మాత్రమే మన చేతికిచ్చి పంపడం ఇష్టంలేకనే.

మూడవది, ఆమెకు స్వేచ్ఛ దొరికింది. చీకటి గదుల్లో, దోమతెరల వెనక, ధూపం పొగలో సాగిన చిత్రం హఠాత్తుగా కళ్ళు చెదిరే వెలుతురులోకి రావడం ఈ చదువుకు బలం. సుబ్రత మిత్ర కెమెరా ఆ వెలుగును దాదాపు తెల్లని శూన్యంగా మార్చింది. అయితే ఇది ఆశపడి చేసే చదువు. చేతుల్లో ఒక పసివాడి ప్రాణం పోయిన పిల్ల, తాను ప్రేమించిన ఖోకా శవాన్ని వెనక వదిలి పరుగెత్తుతోంది. దీనికి స్వేచ్ఛ అని పేరు పెట్టాలంటే ఖోకాను మరచిపోవాలి.

నాలుగవది, నేను ఒప్పుకునేది: ఇది నిమజ్జనం. మొదటి నిమిషాల్లో మట్టిముఖానికి రంగులు అద్దారు, కొలిచారు, నదికి సాగనంపారు. చివరి నిమిషాల్లో దయ తన చేతులతో తానే నగలు పెట్టుకుంటుంది, కాటుక దిద్దుకుంటుంది, పసుపుకుంకాలతో మోసుకెళ్ళేవారు ఎవరూ లేకుండా తనను తానే సాగనంపుకుంటుంది. ఎవరూ చెప్పని ఉద్వాసన ఆమె తనకు తాను చెప్పుకుంది. ప్రతిమ నీళ్ళలో కరిగినట్టు ఆమె మంచులో కరిగింది. రంగులు చెదరడం కూడా ఆ క్రమంలో భాగమే. నీళ్ళు తగలగానే మొదట పోయేది కళ్ళకు దిద్దిన రంగు.

ఈ చదువులో ఓదార్పు ఉందనుకోకూడదు. మట్టి మళ్ళీ మట్టి అవుతుంది, వచ్చే ఏడు మళ్ళీ బొమ్మ అవుతుంది. ఇక్కడ కరిగినది మనిషి. సంప్రదాయం చేయవలసిన పని చేయనప్పుడు, ఆధునికత సమయానికి రానప్పుడు, ఆ పని బాధితురాలి మీద పడిందన్నదే ఆ పొగమంచు చెప్పేది. ఆ తరువాత ఆమె బతికిందా లేదా అన్నది తెలియకపోవడమే న్యాయం. ఇంతవరకూ ఆమె ఎవరో నిర్ణయించినవాళ్ళంతా ఇతరులే. ఆమె గతి ఏమిటో కూడా మనం నిర్ణయించేస్తే వాళ్ళ వరుసలో చేరతాం. చివరి నిర్ణయాన్ని ప్రేక్షకుడికి అందకుండా ఉంచి రాయ్ ఆమెకు ఇవ్వగలిగిన ఒకే గౌరవం ఇచ్చాడు.

రెండు పోలికలు

ఇదే చిక్కుముడికి తెలుగులో వచ్చిన సమాధానం కె. విశ్వనాథ్ ‘సప్తపది’ (1981). అక్కడ హేమను భార్యగా పొందిన పూజారి గౌరీనాథుడికి ఆమెలో అమ్మవారు కనబడుతుంది. అతడు ఆమెను తాకలేడు. కాళీకింకర్ కల ఇక్కడ భర్త కళ్ళలోకి వచ్చింది. కానీ ముగింపు వేరు. నిష్ఠాగరిష్ఠుడైన తాత యాజులు (జె.వి. సోమయాజులు) తన శాస్త్రంతో తానే పెనుగులాడి, హేమను ఆమె మనసిచ్చిన హరిజన యువకుడితో తానే సాగనంపుతాడు. ఉద్వాసన చెప్పవలసిన పెద్దమనిషి ఉద్వాసన చెప్పాడు. అందుకే ‘సప్తపది’కి సందిగ్ధమైన ముగింపు అవసరం లేకపోయింది. అలాంటి తాతలు ఎంతమంది ఉంటారన్న సందేహం మాత్రం ప్రేక్షకుడికి మిగులుతుంది. విశ్వనాథ్ ఉండవలసిన పెద్దను చూపాడు, రాయ్ ఉన్న పెద్దను చూపాడు.

రెండవ పోలిక రాయ్‌తోనే. 1989లో, గుండెజబ్బు తరువాత, ఎక్కువభాగం నాలుగు గోడల మధ్యే చిత్రీకరించిన ‘గణశత్రు’కు ఇబ్సెన్ 1882 నాటి నాటకం ఆధారం. గుడిలోని తీర్థం కలుషితమై రోగాలు వ్యాపిస్తున్నాయని గుర్తించిన డాక్టరు అశోక్ గుప్తా కథ అది. ‘దేవి’లో చరణామృతం ముందు నిస్సహాయంగా నిలబడిన సౌమిత్ర చటర్జీయే ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత, అదే చరణామృతాన్ని పరీక్షకు పంపిన డాక్టరు. ముగింపులో సందిగ్ధత లేదు. బయట జనం అతని పక్షాన నినదిస్తారు. నా వృత్తి రీత్యా ఆ చిత్రం నాకు ప్రియం కావలసింది. అయినా మనసు ‘దేవి’ దగ్గరే ఆగుతుంది. ‘గణశత్రు’లో నీటిలో క్రిమి ఉందా లేదా అన్నది ప్రశ్న, దానికి ప్రయోగశాల జవాబు చెబుతుంది. ‘దేవి’లో ఒక మనిషిని ఆమెను అడగకుండా మరొకటిగా మార్చవచ్చా అన్నది ప్రశ్న. దానికి ప్రయోగశాల లేదు.

మన ఇళ్ళలో

దేశం వదిలి వచ్చిన మనకు ఈ సినిమా మరో విధంగా తగులుతుంది. వచ్చేటప్పుడు మనం తెచ్చుకున్న సంప్రదాయం మనం బయల్దేరిన ఏడాది దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఊళ్ళో అది మారుతూ, కొన్నిటిని వదులుతూ సాగిపోయింది. ఇక్కడ మనం దాన్ని అద్దాల బీరువాలో పెట్టాం. పిలవడం గుర్తుంది, పంపడం మరచాం. ఆ బీరువాకు కాపలా ఎవరంటే, చాలా ఇళ్ళలో, ఆడపిల్ల. పట్టులంగా, కూచిపూడి, శ్లోకాలు, సభల్లో దీపప్రజ్వలన. ‘మన సంస్కృతి అంతా ఈ పిల్లలోనే ఉంది’ అని పదిమందీ చప్పట్లు కొడతారు. అందులో ప్రేమ ఉంది, ఆ పిల్లకు ఆనందమూ ఉండవచ్చు. కానీ అది పీఠమే. పదిహేడేళ్ళకు ఆమె వేరే దారి కోరుకుంటే, నిరాశపరచిన దేవత మీద వచ్చేంత కోపం మనకు వస్తుంది. పిల్లల వైద్యులూ మానసిక వైద్యులూ ఆ తరువాతి అధ్యాయాన్ని చూస్తుంటారు: తినడం మానేసిన అమ్మాయిలు, నిద్రపట్టని అమ్మాయిలు, తమకు ఏమి కావాలని అడిగితే గోడవైపు తిరిగే అమ్మాయిలు.

వాళ్ళకు ఉమాప్రసాద్ వాదనలు సరిపోవు. కాళీకింకర్ భక్తి అసలే సరిపోదు. దీపం వెలిగించడం అయ్యాక, చప్పట్లు ఆగాక, ‘ఇక వెళ్ళి ఆడుకో అమ్మా’ అనే పెద్ద ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ మాట కాళీకింకర్‌కు తెలుసు. ప్రతి ఏడూ నది ఒడ్డున మట్టిబొమ్మతో అంటూనే ఉన్నాడు. ఇంట్లో ఉన్న పిల్లతో అనలేకపోయాడు.